శుక్రవారం అంగళ్లు

శుక్రవారం వచ్చిందంటే నా కాళ్లు ఒక చోట నిలబడవు.

మైదుకూరు దాటి కర్నూలు రోడ్డులో పోతే ఎడమపక్కన ఉండాది సిస్టర్లు నడిపే ముసలోళ్ల ఇల్లు. నేను ఆడ చేరినప్పుడు ఎండలు మండుతాండె. ఇప్పుడు చెనిక్కాయ చేన్లు పూత మీద ఉండాయి. మంచమిచ్చినారు, కూడు పెడతాండారు, దగ్గుకు మందు పోస్తాండారు. దేనికీ లోటు లేదు. అయినా శుక్రవారం తెల్లారేసరికి లేస్తా, ఒళ్లు కడుక్కుంటా, తలకు పచ్చగుడ్డ చుట్టుకుంటా, గేటు దాకా పోతా. ఊచలు పట్టుకొని నిలబడతా. సిమెంటు లారీలు పోతాంటాయి. మల్లా వెనక్కొస్తా. వరండాలో ఈ కొననుంచి ఆ కొనకు తిరుగుతా. మధ్యాన్నం నమాజు దాకా అంతే.

"ఏమప్పా సాయిబూ, బండలు అరిగిపోతాండాయి. రొంత కూచో," అంటాడు పుల్లయ్య. నా పక్క మంచం ఆయనది. పశువుల సంతలో బేరాలు చేసి బతికిన మనిషి. ఆయన నోరు ఊరికే ఉండదు, నాది తెరుచుకోదు. అందుకే ఇద్దరికీ జత కుదిరింది.

నా పేరు లాల్ అహమ్మద్. మైదుకూరులో మటుకు అందరికీ ఊదు సాయిబును. మేం ఫకీర్లం. శుక్రవారం పొద్దున ఊదుదానిలో నిప్పులేసుకొని, సాంబ్రాణి చల్లి, అంగడంగడికీ పోవాల. గల్లాపెట్టె మీద, తక్కెడ మీద, మూటల మీద నెమలీకల కట్టతో పొగ విసరాల. దేవుడు బరకత్ ఇవ్వాలని దువా చెయ్యాల. ఇచ్చింది జోలెలో వేసుకొని పక్క అంగడికి పోవాల. తురకోళ్ల అంగడని లేదు, శెట్ల అంగడని లేదు. ఎంకటేశ్వరసామి పటానికి పూలేసి, నా పొగ వచ్చేదాకా బోణీ చెయ్యకుండా కూచునే చిన్నసుబ్బయ్య శెట్టి మొదటి అంగడి నాది. పసుపు మండీలు, బెల్లం అంగడి, బియ్యం అంగళ్లు, పాత్రలంగళ్లు. వీధంతా నాదే.

మాలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వీధి. ఒకరి వీధిలో ఇంకొకరు పొగ పెట్టరు. వీధి ఇయ్యాలంటే ఒకటే పద్ధతి. నెమలీకల కట్ట కొడుకు చేతిలోనో మేనల్లుని చేతిలోనో పెట్టి, మొదటి అంగడి ముందర నిలబెట్టి, "ఇంగ ఈయన వస్తాడు" అని నోటితో చెప్పాల. మా నాయన నాకు అట్లనే ఇచ్చినాడు. ఆ పొద్దు ఆయన ఇంటికి పోయి గోడ పక్క తిరిగి పండుకున్నాడు. కూడు కూడా తినలేదు.

నాకు బిడ్డలు లేరు. నా పెండ్లాం ఫాతిమా బీ పోయి శానా దినాలాయె. ఉండేది మేనల్లుడు నిస్సారు ఒక్కడే. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోల్తాడు. నాకు ఆయాసం ఎక్కువైతే కడపకు పిల్చుకపోయినాడు. డాక్టరు ఎదకు ఫోటో తీసి చూసి, "పెద్దాయనా, బీడీలు శానా తాగినావే," అన్నాడు. నేను ఒక్క బీడీ తాగిన పాపాన పోలేదు. నిస్సారే చెప్పినాడు, సాంబ్రాణి పొగ సార్ అని. "ఏ పొగైనా ఒకటే. ఇంగ దాని పక్కకు పోగూడదు," అన్నాడు డాక్టరు. ఆ మాటకు నేను తలూపినాను. తలూపినానే గాని నమ్మలేదు. నాలుగు దినాలు మందు తాగితే తగ్గదా, మల్లా పోనా అని మనసులో ఉండాది. ఊదుదానీ, నెమలీకల కట్టా మంచం కింద పెట్టుకున్నాను.

*

సిస్టర్ ఆనందం కోయిలకుంట్ల ఆమె. పొట్టి మనిషి, నడక బిర్రుగా ఉంటాది. దినామూ ఆటోలో పోయి గంపలో అడుక్కొస్తాది. ఆ ఇంటి పద్ధతే అది. రేపటికని దాచిపెట్టుకోరు. నెలనెలా ఇంత వస్తాదని ఎవరికాడా రాయించుకోరు. అడుక్కొచ్చింది వండాల, వండింది పెట్టాల. ఎవరు పెట్టినారీ పద్ధతి అంటే, కూడు తినే చోట గోడకు ఒక పటం ఉండాది. నల్ల దుప్పటి కప్పుకున్న ముసలామె. చేతిలో గంప. ఆమె పెట్టిందంట.

బియ్యం మిల్లు రెడ్డి ఒకాయన మూటలు పంపుతాండె. ఆయన పోయినాడు. కొడుకులు పంపలేదు. బువ్వ బోయి గంజి వచ్చింది మాకు. ఆ వారం ఒక మాపటేల అందరం అలసందకాయలు ఒలుస్తా కూచున్నాం. నేను నిలబడుకొని ఒలుస్తాండా.

"ఆ పటంలో ఆమె గురించి మల్లా చెప్పు సిస్టరమ్మా," అనింది సిద్దమ్మ. సిద్దమ్మకు రెండు కండ్లూ లేవు.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావమ్మే?" అన్నాడు పుల్లయ్య.

"నీకేం నొప్పి? నువ్వు పటం చూస్తావు. నేను వినాల గదా."

సిస్టరు నవ్వి చెప్పింది. ఫ్రాన్సు దేశంలో సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊర్లో పుట్టిందంట. పేరు జాన్ జుగాన్. నాయన సముద్రం మీదికి పోయి మల్లా రాలేదు. పిల్లప్పట్నించీ ఇండ్లల్లో పని చేసి బతికింది. పెండ్లి చేసుకోలేదు. తల నెరిసే వయసులో, ఒక చలికాలం, దిక్కులేని గుడ్డి ముసలామెను తెచ్చుకున్యాదంట. ఆ ముసలామెకు ఒక పక్క పడిపోయింది. ఈమె ఇల్లు మిద్దె మీద. ఇరుకు మెట్లు. వీపున మోసుకొని ఎక్కి, తన మంచం మీద పండబెట్టి, తాను అటక మీద పండుకున్యాది.

"గుడ్డిదాన్ని," అనింది సిద్దమ్మ, అందరికీ వినపడాలని. "నా మాదిరి దాన్ని."

"నిన్నూ మోసిందిలేమ్మే సిస్టరు, బస్టాండు కాణ్నించి. ఆ ముసలామె బక్కపల్చగుండెనేమో. నువ్వు మూట మాదిరి ఉండావు," అన్నాడు పుల్లయ్య.

అలసంద తొక్కు ఒకటి ఎగిరొచ్చి పుల్లయ్య మొగానికి తగిలింది. కండ్లు లేకున్నా సిద్దమ్మ గురి తప్పదు.

"ఆమె తర్వాత ఇంకొకామె, మల్లా ఇంకొకామె," అనింది సిస్టరు. "అందరూ అడుక్కొని బతికినోళ్లే. కూడు పెట్టేదానికి చాల్లేదు. అప్పుడు జాన్ జుగాన్ వాళ్లనడిగింది. అవ్వా, నువ్వు ఏ ఇండ్లకు పోతాంటివి? నాకు చెప్పు. నీ బదులు నేను పోతా అని. గంప పట్టుకొని ఆ ఇండ్లకే పోయింది. ఒకసారి ఒకాయన ఇసుక్కొని చెంప మీద కొట్టినాడంట. 'ఇది నాకు. ఇంగ నా ముసలోళ్లకేమిస్తావు నాయనా?' అనిందంట."

"ఇచ్చినాడా?" అన్నాడు పుల్లయ్య.

"ఇచ్చినాడనే చెప్తారు."

మా సిస్టరూ అందర్నీ అట్లనే అడుగుతాది. సిద్దమ్మ తాను అడుక్కున్న ఇండ్లన్నీ ఎప్పుడో చెప్పేసింది. పుల్లయ్య సంత బేరగాళ్ల పేర్లు చెప్పినాడు. సిస్టరు నా పక్క తిరిగింది.

"తాతా, నీ అంగళ్లు ఏవేవి? నీ పేరు చెప్పి నేను పోతా."

నేను కాయలు కిందపెట్టి వరండాలోకి పోయినాను. ఆ పొద్దు శుక్రవారం గాదు. అయినా తిరిగినాను.

*

రెండు దినాలకు నిస్సారొచ్చినాడు. లారీ గేటు ముందరే పెట్టి, ఇంజను ఆపకుండా దిగినాడు.

"మామూ, ఒక మాట చెప్పాల నువ్వు. వీధి ఊరికే పడుండాది గదా. ఆత్మకూరాయన ఒకడు అడుగుతాండాడు. ఊదు పనోడే. నెలనెలా బాడిగ ఇస్తానంటాడు. నువ్వొచ్చి చిన్నసుబ్బయ్య శెట్టి కాడ ఒక్క మాట చెప్తే చాలు."

"బాడిగా?"

"ఏం? ఇండ్లు బాడిగకియ్యరా? ఆయన శానా తెలివైనోడు మామూ. ఊదుదానికి స్కానరు అట్ట కట్టుకున్యాడు. చిల్లర లేదనేదానికి లేదు ఎవరూ."

వరండాలోనుంచి పుల్లయ్య, "పొగలో స్కానరు కనపడతాదా?" అని అరిచినాడు.

నిస్సారు ఆయన్ని పట్టించుకోలేదు. "నువ్వు మల్లా పోలేవు మామూ. అది తెలుసుకో. శుక్రవారం వస్తా, తయారుగుండు," అని లారీ ఎక్కినాడు.

నువ్వు మల్లా పోలేవు. డాక్టరు చెప్తే నమ్మలేదు. మేనల్లుడు చెప్పినాక, మాట ఎట్ల దించినా మనసులోనుంచి దిగలేదు. నేను పోకుంటే ఆ వీధి ఎవరిది? సిస్టరుకిస్తే సిస్టరుది. ఆత్మకూరాయనకిస్తే ఆయనది. ఎవరికియ్యకుంటే ఇంగా నాదే. ఇంతే నా లెక్క. అందుకని నేను ఎవరికీ ఇయ్యగూడదనుకున్నాను.

సిస్టరు మటుకు గంప చేతిలో పట్టుకొని ఎదురుగా వస్తాది. అడగదు. ఒకసారి అడిగినాక మల్లా అడగలేదు. అదే నాకు ఊపిరాడనీలేదు. గురువారం ఆమె ఆటో ఎక్కుతాంటే పోయి చెప్పినాను.

"ఓబుళేశు విత్తనాలంగడి. ఎదురుగా ఇనుప సామానంగడి. మూలమీద బట్టలంగడి."

ఆమె మొగం విచ్చుకుంది. "మంచిది తాతా," అని పోయింది.

ఆ మూడు నా అంగళ్లు గావు. మా నాయన కాలంనుంచి ఆ మూడింటి ముందర ఊదుదాని చేతి కింద దాచుకొని నడిచేవాళ్లం. ఇచ్చేది లేకపోగా తిట్టేది ఎక్కువ. ఓబుళేశయితే మరీ. ఆడికి పోతే ఉత్త చేతులతో వస్తాది, ఇంగ నన్ను అడగదు అనుకున్నాను.

మధ్యాన్నం ఆటో వచ్చింది. గంపలో నాలుగు ఉల్లిగడ్డలుండాయి. సిస్టరు చెయ్యి భుజం కాణ్నించి తడిసి ఉండాది.

"ఏమాయె?" అనింది వంటామె.

"ఏం లేదు. చెంబులో నీళ్లు విసిరినాడు ఒకాయన. ఎండకు చల్లగనే ఉండాదిలే," అని నవ్వింది. నా పక్క చూడలేదు. కావాలని చూడలేదో, ఊరికే చూడలేదో. చూసింటే బాగుండు.

ఆ మాపటేల గంజిలో ఉల్లిగడ్డ నంజుకున్నాం. గిన్నె పట్టుకొని పటం కిందికి పోయి నిలబడినాను. సిస్టరు బండలు తుడుస్తాండాది.

నేను మాట్లాడి శానా పొద్దయింది. "ఈమెకు ఆ ఇల్లు ఉన్యాదా కడదాకా? ఈమె పెట్టిన ఇల్లు?"

సిస్టరు తుడిచేది ఆపింది. "లేదు తాతా. పెద్దగా ఎవరికీ చెప్పం ఇది. ఇల్లు పెద్దదాయె, ఒక్క ఊరునుంచి శానా ఊర్లకు పోయె. అప్పుడొక ఫాదరు వచ్చి ఈమెను పెద్దతనంలోనుంచి తీసేసినాడు. ఈ ఇండ్లన్నీ పెట్టింది నేనే అని చెప్పుకున్యాడు. ఈమెను ఒక మూల ఇంట్లో పెట్టినారు. గంప కూడా తీసుకున్యారు. కొత్తగా చేరే పిల్లలకు ఈ ముసలామె ఎవరో తెల్దు."

"గమ్మున ఉన్యాదా?"

"ఉన్యాది. పోయేదాకా. ఒకసారి ఆ ఫాదరుతో మటుకు అనిందంట, 'నా పని నా చేతిలోనుంచి దొంగిలించినారు. పోనీ, మనసారా మీకే ఇచ్చేస్తాండా' అని. ఆమె సచ్చిపోయినాక శానా ఏండ్లకు నిజం బయటపడింది. ఇప్పుడు సెయింట్ అంటాండాం."

నేను గిన్నె కడిగి బోర్లించినాను. గమ్మున ఉండేది నాకు కొత్త గాదు. అయితే నాది ఇయ్యకుండా దాచుకునే గమ్ము. ఆమెది అట్లాంటిది గాదు.

*

శుక్రవారం పొద్దున నిస్సారు లారీ కాకుండా మోటరుసైకిలు తెచ్చినాడు. నేను ఊదుదాని మంచం కిందనే పెట్టి, నెమలీకల కట్ట ఒకటే తీసుకున్నాను.

"సిస్టరమ్మా, గంప తీసుకో," అన్నాను.

"యాడికి తాతా?"

"రా."

నిస్సారు మొగం మారింది. అయినా నన్ను వెనక కూచోబెట్టుకున్నాడు. సిస్టరు ఆటోలో వచ్చింది.

చిన్నసుబ్బయ్య శెట్టి అంగడి ముందర ఆత్మకూరాయన నిలబడుకొని ఉండాడు. నాకంటే చిన్నోడు. ఊదుదానికి అట్ట నిజంగానే వేలాడతాండాది. నన్ను చూసి సలాం చేసినాడు. పాపం మర్యాదస్తుడే.

శెట్టి అంగట్లోనుంచి దిగొచ్చినాడు. "సాయిబూ! బతికే ఉండావా! ఎన్ని శుక్రవారాలాయె. పొగ లేకుండా బోణీ చేస్తాంటే చెయ్యి వణుకుతాందప్పా."

పక్క అంగళ్లోళ్లూ బయటికొచ్చినారు. బెల్లమంగడి ఆయన తల ఊపినాడు. అందరూ నన్నే చూస్తాండారు. అంతమంది చూస్తే నాకు మాట రాదు. కాళ్లు మటుకు ముందుకూ వెనక్కూ ఆడతాండాయి.

"చెప్పు మామూ," అన్నాడు నిస్సారు.

నేను నెమలీకల కట్ట వాని ముందర పెట్టినాను. "నువ్వు తీసుకో."

"నేనా?"

"బాడిగకిచ్చేది కాదిది. నువ్వు పట్టుకొని నువ్వు తిరిగితే నీదే. ఈ పొద్దునుంచే. తీసుకో."

వాడు నన్ను చూసినాడు, అంగళ్లోళ్లను చూసినాడు. బెల్లమంగడి ఆయన, "తీసుకోప్పా, లారీ కంటే తేలికే," అన్నాడు. నవ్వినారు. నిస్సారు చెయ్యి జేబులోనుంచి బయటికి రాలేదు. లారీ తోలే మనిషి అంగడి ముందర జోలె పట్టుకోవాలంటే ఎట్లుంటాదో నాకు తెల్దా. వాని మీద నాకు కోపం లేదు. వాని ఫోను మోగింది. "లోడింగు," అని పక్కకు పోయినాడు.

అప్పుడు కట్ట తీసకపోయి సిస్టరు చేతిలో పెట్టినాను.

"ఇంగ ఈయమ్మ వస్తాది," అన్నాను శెట్టితో.

అందరూ ఒకేసారి మాట్లాడినారు.

"ఏం సాయిబూ, సిస్టరును ఫకీరు చేస్తివా?"

"మామూ! తాతల కాణ్నించి వచ్చిన ఖాందాను వీధి మామూ అది!" ఫోను చెవికాడనే పెట్టుకొని అరిచినాడు నిస్సారు.

"అడిగినా గదరా," అన్నాను. "నువ్వు తీసుకోలేదు."

వాడు మోటరుసైకిలు తన్ని ఎల్లిపోయినాడు. ఆత్మకూరాయన, "మీ వీధి, మీ ఇష్టం చాచా," అని ఊదుదాని తీసుకొని బస్టాండు పక్క నడిచినాడు. పోతాంటే పొగ నా మొగానికి కొట్టింది. దగ్గొచ్చింది. ఆ వాసన గట్టిగా పీల్చుకున్నాను.

శెట్టి చేతులు నలుపుకుంటాండాడు. "అది సరే. మరి పొగ? సిస్టరు పొగ పెడతాదా?"

సిస్టరు నన్ను చూసింది. ఆమె గంప కిందపెట్టి, చెప్పులు విడిచి, అంగడి మెట్టెక్కింది. ఈ వీధిలో ఎప్పుడు చూసిందో నన్ను, గల్లాపెట్టె మీద, తక్కెడ మీద, మూటల మీద నెమలీకలతో మెల్లగ విసిరింది. పొగ లేదు, నిప్పు లేదు. ఉత్త గాలి. పైనున్న బల్బుకు తగిలి అది ఊగింది. "దేవుడు మీ అంగడి చల్లగ చూడాల," అనింది.

శెట్టి తల దానంతట అదే వంగింది. వంగినాక ఆయనకే తెలిసినట్టుంది పొగ లేదని. అయినా ఎత్తలేదు. బోణీ కాకముందే బియ్యం మానెడు తీసి గంపలో పోసినాడు.

ఆమె బెల్లమంగడికి పోయింది. నేను పోలేదు. శెట్టి అంగడి మెట్టు మీద కూచున్నాను. ఇన్నేండ్లలో ఆ మెట్టు మీద కూచున్నది లేదు. శుక్రవారం కూచునే పొద్దు గాదు మాకు. మా నాయన గోడ పక్క తిరిగి పండుకున్నది గుర్తొచ్చింది. ఆయనకు ఆ పొద్దు ఎట్లుండెనో ఇప్పుడు తెలిసింది. ఎవరో నా చొక్కా విప్పి తీసకపోయినట్టు. అంతే, సావేం రాలేదు.

పసుపు మండీ, పాత్రలంగడి, బియ్యం అంగళ్లు. గంప నిండతాండాది. వీధి మధ్యకు వచ్చినాక సిస్టరు దాటుకొని ఆ పక్కకు పోయింది. ఓబుళేశు అంగడి.

నేను లేచినాను. "ఆడికొద్దు!" అని అరిచినాను. అంత గట్టిగా ఎప్పుడు అరిచినానో తెల్దు.

ఆమె వెనక్కి తిరిగింది. "అదీ నువ్విచ్చిన అంగడే గదా తాతా."

తెలుసన్నమాట. నిన్నట్నించీ తెలుసు. అప్పుడు నా కాళ్లు ఇంగ ఆగలేదు. ఆయాసంతోనే వీధి దాటినాను. ఓబుళేశు కుర్చీలో కూచోని ఉండాడు, చెంబు పక్కనే. లావాటి మనిషి.

"మల్లా వచ్చినావా?" అన్నాడు సిస్టరుతో. నన్ను చూసి, "ఓహో, సాయిబును తోడు తెచ్చుకున్యావా. ఈ మనిషి నా అంగడి ముందర ఏ పొద్దూ నిలబడలేదే. మా అంగడికి పొగ అక్కర్లేదని ఎవరు చెప్పినారో."

నాకు ఊపిరి అందలేదు. మెట్టు పట్టుకొని నిలబడినాను.

"ఓబుళేశూ. నిన్న నీళ్లు పోసినావు. ఈమెకు గాదు అవి. నాకు. ఈ అంగడి చెప్పి పంపింది నేను, పెట్టవని తెలిసే పంపినా." దగ్గొచ్చింది. ఆగి మల్లా చెప్పినాను. "నాకు చేరినాయి. ఇంగ మా ముసలోళ్లకేమిస్తావో చెప్పు."

ఊదు సాయిబు నోట అంత పొడుగు మాట వినింది లేదు ఎవరూ. ఓబుళేశు చెయ్యి చెంబు పక్క పోయింది. నేను కదల్లేదు. సిస్టరు కదల్లేదు. చెంబెత్తి తానే గడగడ తాగినాడు.

"ఏం లేదు ఈడ," అన్నాడు. "విత్తనాలు పెడితే వండుకుంటారా?" అటూ ఇటూ చూసి, మూలన ఉన్న ఖాళీ గోనెసంచి ఒకటి తీసి మా ముందరికి విసిరినాడు. "ఇదుండాది. పొండి."

సిస్టరు సంచి దులిపి, "దేవుడు మీ అంగడి చల్లగ చూడాల," అనింది. నెమలీకలు ఆయన తల మీద కూడా విసిరింది. ఓబుళేశు ఈగను తోలినట్టు చెయ్యి ఆడించినాడు.

బయటికొచ్చినాక ఆమె గంప చూసుకుంది. నిండి ఉండాది. ఇంగా సగం వీధి మిగిలుండాది.

"సంచి ఎవరు పట్టుకుంటారు తాతా?" అనింది.

నేను పట్టుకున్నాను. ఆమె ముందర, నేను వెనక. తరువాతి అంగడి ముందర సంచి మూతి రెండు చేతులతో తెరిచి నిలబడినాను.